పక్క స్లాట్ బాబాయిగారి కూలెంట్

మూడు వారాల కిందట ఒక ఉదయం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు ఆలస్యమవుతుందన్న మెసేజీ కింద, ఫలానా ఫ్లాట్ పెద్దాయన పోయారని వచ్చింది. అందరితో పాటు నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, హైటెక్ సిటీలో మీటింగుకు పరుగెత్తాను. సాయంత్రం బేస్‌మెంట్‌లో కారు దిగాక వాచ్‌మన్ చెబితేగాని తెలియలేదు, పోయింది మా బాబాయిగారని. ఆయన ఫ్లాట్ నంబరు నేనెప్పుడూ అడగలేదు. సిగ్గుతో కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

బాబాయిగారు నాకు చుట్టమేమీ కారు. నల్లగండ్లలో మా పార్కింగ్ స్లాట్ పక్కది ఆయనది, అంతే మా ఇరుగుపొరుగు. కృష్ణా జిల్లాలో ప్రభుత్వ జీపుల షెడ్డు చూసుకుని రిటైరైన మనిషి. కూతురింటికి వస్తూ తన పాత డీజిల్ పికప్‌ను కూడా వెంట తెచ్చుకున్నారు. మెరిసే కార్ల మధ్య అది పనిబట్టలతో పెళ్ళికి వచ్చిన మనిషిలా ఉండేది. ఆదివారాలు శంకర్‌పల్లి వైపు వెళ్ళి పశువుల ఎరువు, మొక్కలు తెచ్చి, బాల్కనీలో కుండీలున్న వాళ్ళందరికీ పంచేవారు. ఏ పనికైనా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. "చల్లబడేదాకా రేడియేటర్ మూత జోలికి వెళ్ళకూడదమ్మాయ్, వేడినీళ్ళు మొహాన కొడతాయి" అని నాకు చాలాసార్లు చెప్పారు. నా కారు బానెట్ నేనింతవరకూ తెరవనేలేదని ఆయనతో అనలేదు.

అల్లుడికి ఆ బండి కంట్లో నలుసు. చెడ్డమనిషేం కాదు, ఈ వయసులో మామగారు హైవే మీద ఎక్కడ ఆగిపోతారోనని ఆయన భయం. ఇంకొక్కసారి రిపేరుకొస్తే అమ్మేద్దామని తేల్చి చెప్పారట. అందుకే మదీనాగూడలో విడిభాగాల కొట్టతను ఇంజను వేడెక్కకుండా పోసే ఎర్ర కూలెంట్ చూపించి, ఇది కొత్త రకం, ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు అనగానే బాబాయిగారు ఆశపడ్డారు. రేడియేటర్‌లో ఉన్న ఆకుపచ్చదాన్ని తీయకుండా దానిమీదే పోసేశారు. కొద్దిరోజులకే బండి వేడెక్కడం మొదలైంది.

ఒక శనివారం నా కారు పక్కకొచ్చి, బాలానగర్ మెకానిక్ దగ్గరికి తోడు రమ్మన్నారు. "ఆ ఎర్రది నువ్వు పోశావని అక్కడ చెప్పాలమ్మాయ్" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "జీపుల షెడ్డు చూసినవాణ్ణి. ఈ మాట నా నోటితో ఎలా చెప్పను?"

మెకానిక్ మూత తీసి వేలు పెట్టి చూశాడు. వేలికి బురదలాంటిది అంటుకుంది. "ఎర్రది దీంట్ల ఎందుకు పోసినవమ్మా? రెండు కలిస్తే గిట్లనే గడ్డ కడ్తది. రంగు జూసి కొంటవా ఏంది?" అని నన్ను కడిగేశాడు. రేడియేటర్ ఇత్తడిదైన పాత బండికి పాత రకమే పొయ్యాలనీ, కొనేముందు బండి పుస్తకంలో ఏం రాశారో చూసుకోవాలనీ, నల్లా నీళ్ళు కలపొద్దనీ పాఠం చెప్పాడు. నేను తలొంచుకుని విన్నాను. బాబాయిగారు గోడమీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నారు. లోపలంతా కడిగించి, ఆకుపచ్చది డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించాం. తిరిగొస్తూ నాకు చెరుకురసం ఇప్పించారు. "నీకు తిట్లు తినిపించాను" అని, తన గ్లాసు ముట్టుకోలేదు. మర్నాడు నా కారు టైరు పక్కన ఒక గులాబీ మొక్క ఉంది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నా నోరు ఊరుకోదు. లిఫ్టులో మామా అల్లుళ్ళిద్దరూ ఉండగా, "బాబాయిగారి ఎర్ర కూలెంట్‌కు తిట్లు తిన్నది మాత్రం నేనండీ" అన్నాను, పెద్ద జోకు వేసినట్టు. అల్లుడు "ఏ కూలెంట్?" అన్నారు. బాబాయిగారు మారుతున్న అంతస్తుల అంకెలు చూస్తూ ఉండిపోయారు.

ఆ ఆదివారం ఎరువు రాలేదు. బండి తాళాలు అల్లుడి దగ్గరికి వెళ్ళిపోయాయి. నేను నసుగుతూ ఏదో చెప్పబోతే, "నీదేముందమ్మాయ్, ఎప్పటికైనా తెలిసేదే" అన్నారు. ఆ తర్వాత కూడా రోజూ కిందికొచ్చి, కదలని బండి బానెట్ మీద చెయ్యి ఆనించి వెళ్ళేవారు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ లిఫ్టు వైపు నడిచేదాన్ని. అల్లుడితో ఒక్క మాట నేను మాట్లాడి ఉండొచ్చు. వాళ్ళ ఫ్లాటు ఏదో అడిగి తలుపు తట్టడానికి కూడా సిగ్గుపడ్డాను.

నిన్న ఆయన కూతురు తాళాలు పట్టుకుని కిందికి వచ్చింది. బండి కొనడానికి ఎవరో వస్తున్నారట, ఒకసారి చూసి పెట్టమంది. నాకేం తెలుసని అన్నాను.

"అదేంటండీ, బండి సంగతి ఏమడగాలన్నా పక్క స్లాట్ అమ్మాయిని అడగమనేవారు నాన్న. మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ అమ్మాయికి అన్నీ చెప్పాననేవారు" అంది.

బానెట్ తెరిచే మీట ఎక్కడుందో ఇద్దరం కలిసి వెతుక్కున్నాం. లోపల తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ ఆకుపచ్చగా, తేటగా, సరిగ్గా గీత దాకా ఉంది. బండి నడిస్తే కదా తగ్గడానికి.

ఆమె పైకి వెళ్ళాక బానెట్ మూసి, ఆయనలాగే అరచెయ్యి ఆనించాను. ఆ మూత తియ్యడానికి బండి ఇంతకంటే చల్లబడనక్కర్లేదు.