అప్పాడు చిన్నాన్న మీద నేను రాసిన ఇంగ్లీషు వ్యాసం

మా తాతలు చెరకు పనికి ఓడలెక్కి వలస వచ్చిన ద్వీపం మాది. మేం పిల్లలుగా ఉన్నప్పుడు అక్కడి పల్లె నువెల్ ఫ్రాన్స్‌లోని మా ఇంటికి అప్పాడు చిన్నాన్న వస్తున్నాడంటే మూడిళ్ల అవతల నుంచే తెలిసిపోయేది... ముందు పాట వచ్చేది, వెనకాల మనిషి వచ్చేవాడు.

నాన్నకి తమ్ముడు. చెరకు తోటలో బండి తోలేవాడు. ఆదివారం మధ్యాహ్నానికే రమ్ము పట్టించి వచ్చి, నాన్న టోపీని తిరగేసి పెట్టుకుని, తోటలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు ఎలా నడుస్తాడో నడిచి చూపించేవాడు. కంచం మీద గరిటెతో తాళం వేసేవాడు. మా అవ్వ నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఒకసారి ఆ గంతుల్లో అమ్మ ఊరగాయ జాడీ కూడా పగిలింది...

నాకు పదహారేళ్లు వచ్చేసరికి ఆయన్ని చూస్తే సిగ్గేసేది. మా వీధిలో ఇంగ్లీషు బడికి వెళ్లే ఆడపిల్లని నేనొక్కదాన్నే మరి.

ఆ ఏడు సీనియర్ పరీక్షకి మాకు ఒక పాత ఇంగ్లీషు హాస్యనాటకం ఉండేది. అందులో తాగి గోల చేసే ఒక పెద్దమనిషి ఉంటాడు. బంధువుల ఇంట్లో మకాం వేసి, పాడుతూ, తగాదాలు పెడుతూ ఇల్లు పీకి పందిరేస్తాడు. ఈ పాత్ర వల్ల నాటకానికి మేలా, కీడా, కారణాలతో రాయమంది మా టీచరు.

నాకు కారణాలు వెతుక్కునే పని లేకపోయింది. ఇలాంటివాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారంటూ ఆ టోపీ, ఆ గరిటె తాళం అన్నీ రాసేశాను. ఈ మనిషి వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదనీ, ఇతన్ని తీసేస్తే నాటకంలో తగ్గేది చప్పుడు మాత్రమేననీ ముగించాను. టీచరు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించింది.

నాన్న పొంగిపోయాడు. ఆ ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు నన్ను నిలబెట్టి చదవమన్నాడు. ఇంగ్లీషులో చదివాను. ఎవరికీ అర్థం కాలేదు.

"ఏ తిఫి, చిట్టితల్లీ, మాకు తెలిసేట్టు చెప్పు. తెలుగూ, వీధిలో మాట్లాడే క్రియోలూ కలిపి చెప్పు," అన్నాడు చిన్నాన్న ముందుకి జరిగి. నన్ను చూసి ఆయన మొహం వెలిగిపోతోంది.

అప్పుడైనా ఆపేసి ఉండొచ్చు... ఆపలేదు. ఒక్కో వాక్యం విప్పి చెప్పాను. టోపీ దగ్గరికి వచ్చేసరికి అవ్వ తల దించుకుంది. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

చిన్నాన్న మాత్రం నవ్వాడు. "అలోర్, అయితే వాడు నాలాగే ఉన్నాడు కదా!" అన్నాడు. నెత్తి మీదున్న నాన్న టోపీ సర్దుకుని, "ఆఖర్న వాడేమయ్యాడు?" అని అడిగాడు.

"తల పగిలి లోపలికి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు."

"ఎవరూ అడగరా, వాడేడీ అని?"

"అడగరు. నాటకం అయిపోతుంది."

ఆయన టోపీ తీసి, జాగ్రత్తగా మేకుకి తగిలించి, అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పండగలకీ, పూజలకీ తప్ప రాలేదు. వచ్చినా తాగకుండా వచ్చి, ఒక మూల కూర్చుని వెళ్లేవాడు. కొన్నాళ్లకి మా ద్వీపంలోనే వేరే ఊరు ఫీనిక్స్‌లో ఏదో ఫ్యాక్టరీలో పని దొరికిందని వెళ్లిపోయాడు. అవ్వ రెండు మూడుసార్లు, "వాడిని పిలవవే," అంది నాతో. పరీక్షలయ్యాక పిలుద్దాంలే అన్నాను...

మా ద్వీపానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు బడి మైదానంలో కొత్త జెండా ఎగరేస్తుంటే జనంలో కనిపించాడు. అప్పటికి నేను టీచరునయ్యాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లాను.

"వు బ్యే, మిస్?" అన్నాడు.

బాగున్నారా అని అడిగాడు, అంతే. కానీ క్రియోల్‌లో ఇంట్లో పిల్లల్ని 'తొ' అంటాం. 'వు' అనేది పైవాళ్లని, పరాయివాళ్లని. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి నన్ను 'వు' అన్నాడు. క్షమించు చిన్నాన్నా అనబోయాను. ఇంతలో బ్యాండు మొదలైంది, జనం తోసుకొచ్చారు... ఆయన పక్కకి జరిగి నాకు దారిచ్చాడు.

ఆ చలికాలంలోనే పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు.

కర్మ రోజున అమ్మ చెప్పింది. ఐదో తరగతి కాగానే నాన్న నన్ను చదువు మాన్పించి కుట్టుపనికి పంపుదామనుకున్నాడట. చిన్నాన్న తాగొచ్చి గుమ్మంలో అడ్డంగా కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధంతా వినేలా అరిచాడట. "పిల్లని చదివించకపోతే ఇక్కణ్ణుంచి లేవను!" అని. నాన్న పరువుకి భయపడి ఒప్పుకున్నాడు. నాకు చెప్పొద్దని చిన్నాన్నే అన్నాడట, నాన్న మీద నాకు కోపం వస్తుందని.

తర్వాత మోకా అనే ఊళ్లో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఆ నాటకం మళ్లీ మళ్లీ వచ్చింది. ఒకసారి ఒకమ్మాయి లేచి, "మిస్, ఆ ఇంట్లో అందరూ దిగులుతో, పరువుతో బిగుసుకుపోయి ఉన్నారు. తలుపులు తెరిచి ఉంచింది ఆయనొక్కడే కదా," అంది. అవునన్నాను. కిటికీ వైపు తిరిగాను. ఆ పిల్లకి తెలిసిన సంగతి నాకు ఆ వయసులో తెలియలేదు...

ఇప్పుడు మా ఇళ్లలో పెళ్లిళ్లు కూడా నెమ్మదిగా, మర్యాదగా జరిగిపోతున్నాయి. ఎవరూ గట్టిగా పాడరు, ఎవరూ ఎవరినీ ఇబ్బంది పెట్టరు. మీ ఇంట్లో కూడా అందరూ విసుక్కున్న చుట్టం ఒకరు ఉండే ఉంటారు... ఆయన పేరేమిటో కింద రాయండి. ఇంకా ఉన్నారంటే మాత్రం ఇది చదవడం ఆపేసి, ముందు వెళ్లి పలకరించి రండి.