ఎర్ర గొట్టానికి హారతి

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో నా పంపుల రిపేరు దుకాణం బోరు మోటర్ల మీదే నడిచేది. పెద్ద గిరాకీ అంటే ఒక్కటే, కట్టంగూర్ దారిలోని పత్తి మిల్లు. అక్కడ మంటలార్పే పంపు అప్పటికే రెండుసార్లు నన్ను నవ్వులపాలు చేసింది. మొదట బుద్ధిగా నీళ్ళెత్తేది, నేను ఇల్లు చేరేలోపు గాలి పట్టి ఆగిపోయేది. దాని మీద నాకు పగే పుట్టింది.

మూడోసారి మొత్తం విప్పి, అరిగిన సీలు మార్చి, పళ్ళు కొరుకుతూ బిగించాను.

"జర నడిపిచ్చి చూద్దాం సేటూ," అన్నాను.

మిల్లు యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎల్లుండి దసరా. పూజ గాకముందే మోటరెట్ల పెడతవ్? పూజైనంక పెట్టు. గప్పుడు గూడ ఆగిపోయిందనుకో, మల్ల నా గేటు దిక్కు రాకు."

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. నా పంపు సంగతి దేవుడికే తెలియాలి, ఆ దేవుడేమో పూజయ్యేదాకా చెప్పడాయె.

దసరా నాడు యజమాని కుటుంబమంతా కొత్త తెల్లబట్టల్లో దిగింది. ఆయన తల్లిని మిల్లులో అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆవిడ పసుపు కుంకుమలతో ముందు నడిచింది. కాంటాకు బొట్టు, ట్రాక్టరుకు బొట్టు, ఆఫీసు కంప్యూటరుకు బొట్టు. నా పంపుకు మాత్రం రెండు పెట్టింది. దాని చరిత్ర ఆవిడ దాకా పోయినట్టుంది.

పంపు గది ముందు పొట్టి రేకుల షెడ్డు. అక్కడికి రాగానే అవ్వ తలెత్తి చూసింది. రేకుల కింద నీళ్ళ పైపు, దాని మూతికి అడ్డంగా సన్నని ఎర్ర గాజు గొట్టం. మంట వేడి తగిలితే ఆ గాజు పగిలి నీళ్ళు కురుస్తాయి, నీళ్ళు కదలగానే పంపు దానంతటదే మొదలవ్వాలి.

"గది గూడ మిల్లును కాపాడేదే గదా బిడ్డా. దానికి హారతియ్యకుంటెట్ల?" అంది.

యజమాని హారతి పళ్ళెంతో స్టూలెక్కాడు. నేను ముందుకురికాను.

"అవ్వా, వద్దు, అది..."

"హారతప్పుడు మాట్లాడొద్దు!" అని కసిరింది.

నోరు మూసుకున్నాను. యజమాని కళ్ళు కూడా మూసుకుని, గుప్పెడు కర్పూరం సరిగ్గా గొట్టం కింద పట్టాడు.

టప్పుమంది. ఏళ్ళ తరబడి పైపులో మురిగిన నల్లనీళ్ళు తెల్లబట్టల మీద కుమ్మరించినట్టు పడ్డాయి. అందరూ కేకలు. నా చెవులు మాత్రం పంపు గది మీదే ఉన్నాయి. లోపల చప్పుడు లేదు. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో పంపు గుర్రుమని ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"బందు పెట్టురా నాయినా!" స్టూలు మీంచి యజమాని అరిచాడు.

"జర ఆగుండ్రి సేటూ. పోయినసారి గూడ మొదట్ల మంచిగనే ఎత్తింది. గాలి పడతదేమో చూడాలె గదా."

నీళ్ళు కురుస్తూనే ఉన్నాయి. పంపు తడబడలేదు. అవ్వ ముఖమంతా కుంకుమ కారుతోంది. ఆవిడ దోసిలి పట్టి, "హారతియ్యంగనే పలికిండు," అని దండం పెట్టింది.

యజమాని రెండు చేతులూ జోడించాడు. దేవుడికి కాదు, నాకు. "నమ్మిన, తమ్మీ! నీ పంపు మంచిగున్నది! ఇగ బందు పెట్టు!"

"ఏమన్నరు సేటూ? చప్పుడుకు ఇనపడ్తలేదు," అన్నాను.

ఆ మాట ఇంకోసారి అనిపించుకున్నాకే వెళ్ళి వాల్వు తిప్పాను.