ద్వారబంధం మీది ఎడమ వరస

మా ఊరి చరిత్ర సంఘం వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పాత ఇల్లు కనబడితే చాలు, తాడు కట్టి, బోర్డు పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఆ ఇంట్లో చాకిరీ చేసి చచ్చినవాళ్ళ ఊసు మాత్రం ఎత్తరు.

మా అమ్మ ఆ సంఘం మ్యూజియంలో ఇరవై రెండేళ్ళు ఊడ్చే పని చేసింది. మ్యూజియం అంటే ఒకప్పటి వకీలుగారి మేడే. మా అమ్మమ్మ అక్కడ వంటమనిషి కాబట్టి అమ్మ ఆ వంటింట్లోనే పెరిగింది. వంటింటి ద్వారబంధం మీద, లోపలివైపు, కత్తితో గీసిన గీతలు రెండు వరసలుండేవి. ఏడాదికోసారి అమ్మమ్మ పిల్లలిద్దరినీ దానికి ఆనించి నిలబెట్టి గీసేది. కుడి వరస అమ్మది. ఎడమ వరస అమ్మ తమ్ముడిది, నాకు మామయ్య కావలసినవాడిది. అది ఎనిమిది గీతలకే ఆగిపోయింది. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయాడు. ఫొటో లేదు, వేసుకున్న చొక్కా కూడా మిగల్లేదు. ఆ ఎనిమిది గీతలే మామయ్య.

అందుకే అమ్మ ఆ పని వదల్లేదు. తక్కిన గదులన్నీ ఒకెత్తు, ఆ ద్వారబంధం ఒకెత్తు. రోజూ కింది గీత నుంచి పై గీత దాకా గుడ్డతో తుడిచేది. తమ్ముడి చివరి గీత సరిగ్గా తన మెడ కింది ఎముక దగ్గరకొస్తుందని నా చిన్నప్పుడే నిలబడి చూపించింది.

సంఘం దాని పక్కన అట్ట తగిలించింది: “వకీలుగారి పిల్లల ఎత్తు గుర్తులు.” ఇల్లు తిప్పి చూపించే పెద్దమనిషి ఒక జోకు కూడా తయారుచేసుకున్నాడు. “చూశారా, అబ్బాయిగారికి ఎదగడం విసుగొచ్చి మధ్యలో మానేశారు!” అందరూ నవ్వేవారు. అమ్మ చీపురు పట్టుకుని పక్కనే నిలబడేది.

ఆ అట్ట మార్చమని సంఘాన్ని అడగమని అమ్మని పోరింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

అడిగింది. కార్యదర్శి కళ్ళజోడు పైకి నెట్టి, “ఆధారం ఉందా? కాగితమో, ఉత్తరమో?” అన్నాడు.

“మా అమ్మ గీస్తుంటే నిలబడింది నేనే సార్.”

“అలా అంటే ఎలా? రేపు ఇంకొకరొచ్చి ఈ మేడే మాదంటారు.”

పోయిన ఏడాది ఒక ఆదివారం, మ్యూజియం పాతికేళ్ళ సభకి వకీలుగారి కూతుర్ని పిలిచారు. ఎనభై దాటిన మనిషి. నోట్లో నాలుక లేని మా అమ్మ, అంతమంది మధ్యలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింటికి తీసుకెళ్ళింది. ఆవిడ గీతల్ని తడిమి చూసింది.

“ఇవి మావి కావు. మమ్మల్ని వంటింటి గడప తొక్కనిచ్చేవారా! వంటావిడ పిల్లలవి. నీవీ, నీ తమ్ముడివీ కదూ?” అంది, కార్యదర్శి వింటుండగానే.

“అయితే పొరపాటు మాదే. సరిదిద్దుతాం,” అన్నాడాయన.

ఆ సాయంత్రం అమ్మ మాట్లాడినంత నేనెప్పుడూ వినలేదు. అట్ట మీద ముందు తమ్ముడి పేరే వెయ్యమంటానంది.

సోమవారం సెలవు. మంగళవారం అమ్మ వెళ్ళేసరికి అట్ట లేదు. గీతలూ లేవు. వడ్రంగి పగుళ్ళు పూడ్చే లప్పం పెట్టి, గరుకు కాగితం పట్టి, రంగు వేసి పోయాడు.

“ఇవి వకీలుగారి కుటుంబానివి కావని నువ్వే తేల్చావు కదమ్మా,” అన్నాడు కార్యదర్శి, ముఖం చేటంత చేసుకుని. “ఆ కుటుంబానికి సంబంధం లేని గీతలు, మేకులు, మరకలు తీసెయ్యాలని మా నియమం. తప్పు చూపించినందుకు సంఘం తరఫున నీకు అభినందన పత్రం కూడా ఇస్తున్నాం.”

అబద్ధపు అట్ట పక్కన ఉన్నన్నాళ్ళూ ఆ గీతల్ని కంటికి రెప్పలా కాపాడారు. నిజం తెలిశాక రెండు రోజులు కూడా ఆగలేదు. ఆ నియమం రాసినవాళ్ళ చేతులు పడిపోను.

అమ్మ ఏడవలేదు. పత్రాన్ని చెత్తబుట్టలో వేసి, మొదటిసారి ఆ బుట్ట ఖాళీ చెయ్యకుండా, తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసింది.

నేను కూరలు తరుగుతున్నాను. చెప్పులు విడిచి, మా వంటింటి ద్వారబంధానికి వీపు ఆనించి నిటారుగా నిలబడింది. మెడ కింది ఎముక మీద వేలు పెట్టుకుంది.

“ఆ కత్తి తీసుకురా. ఇక్కడ గియ్యి.”

గీశాను. గీత పైపైనే పడింది. అమ్మ వెనక్కి తిరిగి గోటితో తడిమి చూసింది.

“ఇంకా లోతుగా,” అంది. “ఎవడు లప్పం పెట్టినా పూడనంత.”