శనివారం పూట ఇంజిన్ ఆయిలు

మా బావ కాశీవిశ్వనాథంగారిది బరంపురంలో పప్పుల టోకు కొట్టు. ఆయన భార్య వాసవీకుమారి నా సొంత అక్క. నేను సాయిపద్మని, వాళ్ళ పక్క వాటాలోనే ఉంటాను. నాకు నోటిదురుసని మా వాళ్ళందరిలో పేరు. ఉంటే ఉండనీ. అలాంటిదాన్ని ఏడాదిగా నోరు కుట్టుకుని కూర్చున్నాను. అక్క పోయిన దగ్గర్నుంచి కన్నకొడుకు రాఘవేంద్ర బావతో మాట మానేశాడు. అమ్మ ప్రాణం నాన్న చాదస్తానికే పోయిందని వాడి నమ్మకం. అది నిజం కాదని నాకు తెలుసు, అయినా చెప్పడానికి లేదు.

ముందు బావ సంగతి చెప్పాలి. ఆయనకో పాత మారుతి కారుండేది. దాని ఆయిలు మార్చడానికి ఒక్క మెకానిక్కునీ నమ్మేవాడు కాదు. శుక్రవారం సాయంత్రం కొట్టు నుంచి రాగానే చొక్కా విప్పేసి, లుంగీ ఎగ్గట్టి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, వీపు నేలకి ఆన్చి బండి కిందకి దూరేవాడు. అడుగున నట్టు విప్పి పాత బేసిను పెట్టి, రాత్రంతా చుక్క చుక్కా దిగనిచ్చేవాడు. తెల్లారి కొత్తది పోసి, గేజిపుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి, రెండు గీతల మధ్య తడి ఎక్కడిదాకా ఉందో చూసేవాడు. కందిపప్పు చూసినట్టే ఆయిలుని కూడా వేళ్ళ మధ్య రుద్ది వాసన చూసేవాడంటే నమ్మండి! "నోట్లో కూడా ఏసుకోండి, రుచి తెలుస్తాది" అని అక్క ఏడిపించేది.

మాడిన ఆయిలు పారబోసేవాడు కాదు. డబ్బాలో పట్టి ఆర్యపల్లి తీసుకెళ్ళి కాసులు అనే జాలరికి ఇచ్చేవాడు. తెప్ప చెక్కలకి పూస్తే పురుగు పట్టదట. కాసులు ఊరుకోడు కదా, చేపల బుట్ట పట్టుకుని కారు వెంట పడేవాడు. "బాబ్బాబు, కోమటోళ్ళ బండిరా, వాసనొస్తే మా ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు" అంటూ బావ పారిపోయి వచ్చేవాడు. ఆ కథ చెప్పుకుని ముగ్గురం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం.

ఇంతలో బావకి ఏలినాటి శని పట్టిందని పంతులుగారు చెప్పారు. శనివారం నూనె కొనకపోవడం మా ఇళ్ళల్లో ఎప్పుడూ ఉన్నదే. శని నూనెతో పాటు ఇంట్లోకి వస్తాడని భయం. కానీ మా అక్క ఇంజిన్ ఆయిలుని కూడా అందులో కలిపేసింది. "ఓసి పిచ్చిదానా, ఇది వండుకునేది కాదు, తలకి రాసుకునేది కాదు" అని బావ ఎంత చెప్పినా వినలేదు. ఆయనకి ఏమవుతుందోనని దానికి ఒకటే గుబులు.

ఆ శనివారం పొద్దున్న, పాత ఆయిలంతా దిగిపోయాక, కొత్త డబ్బా ఎత్తేసరికి తేలిగ్గా ఉంది. ఎలక కొరికి అడుగున చిల్లు పెట్టింది, ఆయిలంతా గోడవారగా పారిపోయింది. మిగిలిన గిద్దెడు ఇంజిన్లో పోసి చూస్తే పుల్ల కొస కూడా తడవలేదు. బావ చొక్కా తొడుక్కున్నాడు. నేను అక్కకి కరివేపాకు ఇద్దామని వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎక్కడికండీ?" అంది అక్క.

"బజారుకి. ఆయిలు డబ్బా తెస్తాను."

"శనివారం పూట ఇంట్లోకి నూనె తెస్తారేటి? మీ జాతకం ఎలాగుందో తెలిసి కూడానా! రేపు తెచ్చుకోండి. ఇవాళ బండి తియ్యకపోతే కొంపలేటి మునిగిపోవు."

బావ నవ్వి చొక్కా విప్పి మేకుకి తగిలించేశాడు. అంతే జరిగింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క గుండె పట్టుకుని కూలబడింది. ఒళ్ళంతా చెమటలు. బయట కుంభవృష్టి. వీధిలో ఒక్క ఆటో లేదు, అంబులెన్సు ఎంతకీ రాలేదు. బావ అక్కని ఎత్తి కార్లో పడుకోబెట్టాడు, నేను దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను. సగం దారిలో ఇంజిన్ టకటక కొట్టుకోవడం మొదలుపెట్టింది. "అమ్మా, తల్లీ, ఇంకొంచెం" అని బావ బండిని బతిమాలుకుంటున్నాడు. అది బిగుసుకుపోయి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వానలో తడుస్తూ, చెయ్యెత్తి అడ్డం పడుతూ ఒక ఆటో పట్టుకునేసరికి ఆలస్యమైపోయింది. కాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమన్నాడు డాక్టరు.

కొడల నుంచి రాఘవేంద్ర పరుగున వచ్చాడు. వాడికి అక్కడ బట్టల కొట్టు.

"బండిలో ఆయిలు లేదని నీకు తెల్సా నాన్నా?"

"తెల్సు."

"తెల్సీ ఎందుకు కొన్లేదు?"

"శనివారం కదరా" అన్నాడు బావ.

ఆ ఒక్క ముక్కతో కొడుకు మొహం తిప్పేసుకున్నాడు. నేను ఉండబట్టలేక నోరు తెరవబోతే బావ నన్ను పక్కకి లాక్కెళ్ళాడు. "సెప్పకు పద్మా. నా మీద కోపమైతే నేను పడతాను. దాని మీద కోపమొస్తే వాడెవరితో సెప్పుకుంటాడు? పోయిన మనిషాయె. నీకు మీ అక్క మీద ఒట్టు" అన్నాడు. ఒట్టేశాక ఇంకేం చేయను?

మొన్న అక్క సంవత్సరీకం. తిథి శనివారమే వచ్చింది. రాఘవేంద్ర వచ్చి తంతంతా చేశాడు, విస్తట్లో పెట్టింది తిన్నాడు, తండ్రివైపు మాత్రం చూడలేదు. బయల్దేరే వేళకి బావ వాడి కారు దగ్గరికెళ్ళి ముందు మూత ఎత్తాడు. గేజిపుల్ల తీసి, ఉత్తరీయం కొసతో తుడిచి, ముంచి చూశాడు. "ఆయిలు తక్కువుందిరా. ఇంట్లో డబ్బా ఉంది, పోసేస్తాను. ఒక్క క్షణం ఆగు" అన్నాడు, కొడుకు మొహంలోకి చూడకుండానే.

రాఘవేంద్ర తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఇవాళ శనివారం కదా నాన్నా. నీకు ముట్టుకోవచ్చేటి?" అన్నాడు.

నా ఒళ్ళు భగ్గుమంది. ఒట్టూ గిట్టూ గంగలో కలిసిపోనీ అనుకుని మెట్టు దిగాను. బావ నావైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. లోపలికెళ్ళి డబ్బా తెచ్చి, చుక్క ఒలకకుండా పోసి, మళ్ళీ చూసి, మూత వేశాడు. "ఇంక పరవాలేదు, ఎల్లు. మెల్లిగా ఎల్లు" అన్నాడు. వాడు కారెక్కి వెళ్ళిపోయాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా బావ అక్కడే ఉన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి, మొహం మాత్రం వెలుగుతోంది.

"విన్నావా పద్మా? నాన్నా అన్నాడు."

"విన్నాను బావా" అన్నాను.