లండన్లో వన్స్ మోర్ కొట్టిన నరసింహులు

మా పక్కింటి నరసింహులు లండన్లో స్టేజీ మీద ఒక రాజుని పొడిచాడనీ, అందుకే అక్కడివాళ్ళు విమానం ఎక్కించి తోలేశారనీ ఆగిరిపల్లి అంతా చెప్పుకుంటున్నారు. విస్సన్నపేట బస్సులోనైతే కత్తితో పొడిచాడన్నారు. కత్తీ కాదు, పొడవనూ లేదు. అతను పట్టుకెళ్ళింది పిన్నీసు. దానికి ఒక పచ్చనోటు కూడా ఉంది. ఆ నోటు సంగతి వదిలేసి చెబితే ఎవడైనా హంతకుడిలాగే కనపడతాడు.

తోలేశారన్నదీ అబద్ధమే. గడువయింది, వచ్చాడు. పాస్‌పోర్టు అడిగి తీసుకుని నేనే చూశాను. అందులో రాసింది నాకు చదవరాలేదు గానీ, స్టాంపు మాత్రం నిదానంగానే కొట్టారు. కోపంలో కొట్టిన స్టాంపు అలా ఉండదు.

నరసింహులు బసవపున్నారావు గారి చిన్నరసాల తోటకి కాపలా మనిషి. పిందె పడ్డ దగ్గర్నుంచి కోతలయ్యేదాకా మంచె మీద కూర్చుని, రేకు డబ్బా వాయించి కోతుల్ని తోలాలి. పున్నారావు గారింట్లో శుభకార్యాలకి వంట కూడా అతనిదే. ఆయన చెల్లెలు డాక్టరమ్మ, కాపురం లండన్లో. ఎనభై మూడులో వచ్చినప్పుడు ఇతని చేతి మామిడికాయ పప్పు తిని, ఆ పప్పు కోసం మనిషినే పట్టుకుపోయింది. రెండేళ్ళున్నాడు.

ఆదివారం సెలవు. అక్కడ మ్యూజియానికి టిక్కెట్టు లేదట, లోపల వెచ్చగా ఉంటుందట. పొద్దున్నే పోయి కూర్చునేవాడు.

"అంతసేపు ఏం చూసేవాడే?" అని అతని పెళ్ళాం అచ్చమ్మని అడిగాను.

"కాపలావాణ్ణి చూసేవాడంట అత్తా" అంది.

గదినిండా పాత రాజుల కిరీటాలూ, రాతి బొమ్మలూ. వాటికి కాపలాగా ఒక తెల్లాయన కుర్చీలో ఊరికే కూర్చునేవాడు. చేతిలో డబ్బా లేదు. నరసింహులుకి మనసొప్పలేదు. ఇన్ని సామాన్ల మీద కోతులు పడితే ఏం మిగులుద్దని చేతులతోనే అడిగాడు. కోతిలా గెంతి కూడా చూపించాడు. ఆయనకి ఏం అర్థమైందో గానీ, పై ఆదివారానికి పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. ఆయన టీకి వెళితే ఇతను చూసేవాడు. ఒకసారి ఎవరో పెద్దావిడ రాతి బొమ్మ ముక్కు పట్టుకోబోతే, ఇతను తోటలో అరిచినట్టు "హోయ్" అన్నాడు. హాల్లో ఉన్నవాళ్ళంతా చేతులు పైకెత్తేశారట.

ఆ స్నేహం కొద్దీ తెల్లాయన ఒక నాటకం టిక్కెట్టు ఇచ్చాడు. అంతా పాటలేనట. ఆఖర్న రాజుకి దెబ్బ తగిలి, పడుకుని చాలాసేపు పాడి చచ్చిపోయాడు.

మన దగ్గర పద్యం బాగుంటే వన్స్ మోర్ కొడతాం. చచ్చినవాడైనా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. ఇంకా ముచ్చటపడితే స్టేజీ ఎక్కి చొక్కాకి నోటు గుచ్చి వస్తాం. నరసింహులు అదే చేశాడు. "వన్స్ మోర్" అన్నాడు. హాలంతా తిరిగి చూసింది గానీ రాజు లేవలేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అన్నాడు. అప్పటికీ లేవకపోతే నోటూ పిన్నీసూ తీసుకుని ఎక్కాడు. చచ్చిన రాజు ఓరకంట పిన్నీసు చూసి, లేచి పరిగెత్తాడు. తెర దించేశారు. పోలీసులొచ్చారు. కబురందుకుని మ్యూజియం ఆయన వచ్చి, ఇతను మా కాపలా మనిషే అని విడిపించుకుపోయాడు.

జరిగింది ఇంతే. దీంతో ఇక్కడ పని పోయే గండం వస్తుందని ఎవరనుకుంటారు.

శ్రీరామనవమి పందిట్లో ఏటా పున్నారావు గారే రాజు వేషం వేస్తారు. ఆయన పద్యానికి మొదటి వన్స్ మోర్ ఎప్పుడూ నరసింహులుదే, పందిరంతా వెనక అందుకునేది. ఈసారి అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గమ్మున కూర్చున్నాడు. మొదలెట్టేవాడు లేక ఎవరూ అనలేదు. పున్నారావు గారు పద్యం ముగించి ఆగారు. మీసం దువ్వారు. దగ్గారు. చివరికి చేసేదిలేక అడవికి వెళ్ళిపోయారు. నాటకం అయ్యాక నరసింహులు లేచి నిలబడి ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

తెల్లారేసరికి, తోటకి వేరే మనిషిని చూస్తున్నామని కబురొచ్చింది. చెట్ల నిండా పిందెలు. అచ్చమ్మ పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. "ఈ కాపలా పోతే మేం తినేదేంటి అత్తా" అంది. నేను నరసింహుల్ని వెంటబెట్టుకుని పున్నారావు గారి వసారాకి వెళ్ళాను.

"తోట ఎవరికిస్తున్నారంటండీ?" అన్నాను.

"ఎవరికైనా ఇస్తాను, వీడికివ్వను. అక్కడ ముక్కూ మొహం తెలియని రాజు కోసం పిన్నీసు పట్టుకుని స్టేజీ ఎక్కాడంట. ఇరవయ్యేళ్ళుగా తెలిసిన రాజుకి నోరు పెగల్లేదా?"

"ఆ రాజులాగే మీరూ పరిగెడతారని జంకాడేమోనండీ."

ఆయన నవ్వలేదు. "నా పద్యానికి ఏం తక్కువైందో వాడినే చెప్పమను" అన్నారు.

ఈ ఏడు కూడా ఆ తోటలో డబ్బా చప్పుడు నరసింహులుదే. అతను చెప్పిన జవాబుని పున్నారావు గారు ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పుకుని మురుస్తున్నారు. ఆ రోజు వసారాలో అడిగింది మాత్రం నేనే.

"అక్కడ వన్స్ మోర్ కొట్టినవాడివి ఇక్కడెందుకు కొట్టలేదురా?" అన్నాను.

నరసింహులు తల గోక్కున్నాడు. "అక్కడ పాడింది ఒక్క ముక్క అర్థం కాలేదు పిన్నీ. ఇంకోసారి పాడితే అర్థమవుద్దేమోనని అడిగాను. అయ్యగారి పద్యం మొదటిసారికే అర్థమైపోయింది."