రాతి కుంపటి

మొన్న నంద్యాలలో కోడలు నన్నొక పెద్ద అంగడికి తీసుకుపోయింది. మిక్సీ కొనడానికి పోయి మిక్సీ తప్ప అన్నీ చూశాం. ఒక మూల నల్లటి ఇనుప కుంపటి పెట్టి ఉంది. మూడు కాళ్లు, చుట్టూ ఆకుల నగిషీ, పైన మాంసం కాల్చుకునే కమ్మీలు. "పాతకాలం దొరల కుంపటికి అచ్చు నకలమ్మా ఇది" అన్నాడు అంగడాయన. నేను వంగి దాని కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి తడిమాను. "ఏం చూస్తాండావత్తా?" అంది కోడలు. చెమ్మ ఉందేమోనని చూశానంటే నవ్వుతుంది. ఇనుముకు చెమ్మేంది?

మాది ఆళ్లగడ్డ. నాయన రాళ్లు చెక్కేవాడు. విగ్రహానికి చివరన కండ్లు తెరిచే పని మా వీధిలో ఎవరింట్లో ఉన్నా నాయనకే కబురొచ్చేది. ఆ పొద్దు తలంటుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. అక్క మాత్రం పక్కన ఉండాలి, సన్న ఉలులు అందించడానికి. నేను పోతే వసపిట్టనని తరిమేసేవాడు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు, ఇప్పటికీ అంతే.

డెబ్బైల దశకం అయిపోవస్తున్న రోజులవి. నంద్యాల నుంచి ఒక టీచరమ్మ వచ్చేది. క్రైస్తవులు. వాళ్ల నాయన సమాధికి మా నాయనే పలక చెక్కి ఇచ్చాడు, అప్పటి నుంచి పరిచయం. ఆమె ఒకసారి గోనెసంచిలో ఇనుప కుంపటి ఒకటి మూటగట్టి బస్సులో మోసుకొచ్చింది. దొరలు వెళ్లిపోతూ వాళ్లింట్లో ఇచ్చి పోయిందట. ప్రతి క్రిస్మస్‌కూ దాని మీదే మాంసం కాల్చేవాళ్లు. తుప్పు తినేసి ఒక కాలు ఊడింది.

"అచ్చు ఇట్లాంటిదే రాతిలో చెక్కియ్యన్నా. రాయైతే తుప్పు పట్టదు గదా" అంది.

"దేవుళ్లను చెక్కే చేత్తో పొయ్యి చెక్కమంటాండావా టీచరమ్మా?" అన్నాడు నాయన. అన్నాడే గానీ, ఆమె బస్సెక్కక ముందే దారంతో కొలతలు తీస్తున్నాడు.

వెల్డింగు అంగడికి పోతే ఆ కాలు ఒక పూటలో అతికేది. ఆ మాట ఆమెకూ తట్టలేదు, మాకూ తట్టలేదు. రాళ్లు కొట్టే వీధిలో దేనికైనా మందు రాయే.

నెల పట్టింది. గాలి పోయే చీలికలు, ఆకులు, కమ్మీలు ఒకదానికి ఒకటి తేడా లేదు. చివరికి బోల్టుల తలకాయలు కూడా చెక్కాడు. "అవి బిగించేదానికి గదయ్యా, రాతికి యాటికి?" అంది అమ్మ. "ఉండాయి గాబట్టి చెక్కినా. మానేసేదానికి నేనెవురు?" అన్నాడు. అడుగున ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడా వదల్లేదు. ఆ రాత ఏమిటో మాలో ఎవరికీ తెలియదు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పని అయిపోయాక రాతిని నీళ్లలో నానబెడతారు. బయటికి తీసి ఆరబెడితే, లోపల బీట ఉన్నచోట తడి గీత మిగిలిపోతుంది. విగ్రహాన్ని ఒక పూట నానబెట్టేవాడు. ఇది నిప్పు మోసే వస్తువని, ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలని, కుంపటిని మూడు రోజులు తొట్టిలో పెట్టాడు. నాలుగో రోజు పొద్దున టీచరమ్మ వచ్చింది. నాయన తెల్లారగానే తొట్టిలోంచి తీసి ఎండలో పెట్టిన కుంపటిని గుడ్డతో తుడిచి, "చూడు, ఒక్క గీత ల్యా" అన్నాడు. ఆ ముఖం అంత వెలగడం మళ్లీ చూడలేదు.

ఒకసారి వెలిగించి చూద్దామంది టీచరమ్మ. అమ్మ బొగ్గులు తెచ్చింది. అక్క విసనకర్ర పట్టుకుని కుంపటి ముందర కూర్చుంది. కూర్చుని, కాళ్ల దగ్గర వేలు పెట్టి చూసి, "నాయనా, ఈడ ఇంకా చెమ్మ ఉండాది" అంది.

"అగ్గి పడితే అదే ఆరుతాదిలే మే. విసురు" అన్నాడు నాయన.

బొగ్గులు ఎర్రబడ్డాయి. టీచరమ్మ చేతులు చాపి వెచ్చబెట్టుకుంటోంది. అప్పుడు టపాకాయ పేలినట్టు పేలింది. కాలి దగ్గర రాయి ఎగిరింది. అక్క విసనకర్ర వదల్లేదు. రెండో చేత్తో ఎడమ కన్ను మూసుకుని, "ఏం లేదు, ఏం లేదు" అంటోంది. వేళ్ల సందున రక్తం.

నంద్యాలలో డాక్టరు చూసి, రాతి పలుకు తీశాడు. చూపు తేలేనన్నాడు.

ఆ తర్వాత నాయన పెరట్లో చిన్న చిన్న రాతి గిన్నెలు చేసి, నెలలు నెలలు ఎండబెట్టి, మమ్మల్ని వీధిలోకి పంపించి వాటిలో నిప్పు పోసేవాడు. అడుగున ఇసుక పోసి చూశాడు, లోపల ఇనుప తట్ట పెట్టి చూశాడు. కొన్ని నిలిచాయి, కొన్ని పగిలాయి. "ఇంకొకరింట్లో ఇట్లా గాకూడదని చూస్తాండా. ఏది పగుల్తాదో నాకు తెలీడంల్యా" అని ఒక రోజు అమ్మతో అని, ఆ గిన్నెలన్నీ సుత్తితో తనే కొట్టేశాడు.

కండ్లు తెరిచే పనికి మళ్లీ కూర్చోలేదు. ముఖమంతా చెక్కి, కండ్ల దగ్గరికి వచ్చి ఉలి కింద పెట్టేవాడు. వేరేవాళ్లు వచ్చి ముగించేవాళ్లు. పిలుపులు తగ్గాయి. అక్క ఒకసారి సన్న ఉలి తెచ్చి చేతిలో పెట్టింది. "నా కన్ను బోయిందని ఎంతమంది కండ్లు మూసి పెడతావు నాయనా?" అని అడిగింది. ఆయన ఉలి తిరిగి ఇచ్చేశాడు. ఎనభైల దశకంలో పోయేదాకా అంతే. అక్కకు ఆ వాకిట్లో ఇంక అందించే పని లేకుండా పోయింది.

టీచరమ్మ పాత కుంపటి కోసం మళ్లీ రాలేదు. కాలు ఊడిన ఆ ఇనుము మా పెరట్లోనే మట్టిలో కలిసింది.

రాయి తాగిన నీళ్లే లోపల ఆవిరై పేలిందని, ఇంకో నాలుగు దినాలు ఆరబెట్టి ఉంటే సరిపోయేదని అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. నాయనకు అది తేలలేదు. సరిపోయేదో లేదో నాకూ తెలియదు. ఆ నాలుగు దినాలు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ గడవలేదు.