సోమ్లి రెండో గంప

కారేపల్లి అవతల అడవి మొదలయ్యే చోట ఉన్న తండా సోమ్లిది. నలభై దాటాక మోకాళ్లు మొరాయించాయి గానీ, శుక్రవారం సంత మాత్రం ఆమెను వదల్లేదు. భర్త బద్యా పోయినప్పటి నుంచి రెండెకరాల చెలకలో చిక్కుడూ బీరా పండించేదీ ఆమే, ఎనిమిది కిలోమీటర్లు నడిచి అమ్మేదీ ఆమే. నెత్తిన ఒక గంప, వెనక కోడలు సైదమ్మ నెత్తిన ఇంకొకటి.

సాయంత్రానికి మిగిలిన సరుకును మళ్లీ మోసుకుపోయే ఓపిక ఎక్కడిది? అయినకాడికి ఇచ్చేసేది. కొనేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. పొద్దు వాలేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా వచ్చేవారు. ఆ మొహాలు చూస్తే సోమ్లికి ఒళ్లు మండేది. తాళం వేసుకునే గది ఒకటుంటే మర్నాడు అమ్ముకోవచ్చు కదా అని ఎన్నిసార్లు అనుకుందో!

సంతలో గంపకింత అని తైబజారు రుసుము వసూలు చేసే బొజ్జయ్య పొద్దున్నే వస్తాడు. అందుకని తండా ఆడవాళ్లు రెండో గంపను సంత పక్కనే ఇల్లున్న జంపక్క పశువుల కొట్టంలో దాచి, అతను వెళ్లిపోయాక తెచ్చుకునేవారు. ఈ తెలివి నేర్పింది సోమ్లే. అది తప్పని ఎవరూ అనుకోలేదు. చారెడు నీడ కూడా ఇవ్వని సంతకు అంతకంటే ఎందుకివ్వాలి?

ఎనభై ఆరులో, చిక్కుళ్లు అయిపోవస్తున్న రోజుల్లో, మార్కెట్ ఆఫీసు నుంచి వెంకటనారాయణ అనే ఉద్యోగి కాగితాలు పట్టుకుని దిగాడు.

"అమ్మా, ఈడ రోజూ నడిచే పక్కా మార్కెట్ కట్టొచ్చా అని చూస్తున్నం. షెడ్లు, సరుకు పెట్టుకునే గదులు. సరిపోను సరుకొస్తదా అని మూడు వారాలు లెక్క రాస్త. నీయి ఎన్ని గంపలు?"

గదులనే మాట వినగానే సోమ్లికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆ చేతిలోని కాగితమూ పెన్నూ కనబడ్డాయి. బొజ్జయ్య చేతిలోనూ అవే ఉంటాయి. గదుల పేరు చెప్పి దాచిన గంపలు బయటికి లాగుతున్నారనుకుంది.

"ఒకటే సారు. నాకూ కోడలికీ కలిపి ఒకటే."

పక్కవాళ్లకు తమ లంబాడీ మాటలో అదే చెప్పమంది. వరుసంతా ఒకటే, ఒకటే అంది. అతను మధ్యాహ్నం బస్సెక్కేదాకా రెండో గంపలు కొట్టం దాటలేదు. మూడు వారాలూ ఇదే తంతు. లోపల చిక్కుళ్లు వడలిపోయాయి, బయట ఎండలో వీళ్లూ వడలిపోయారు.

ఉగాది వెళ్లాక ఒక శుక్రవారం అతను బస్సు కోసం నిలబడి కనిపించాడు. సోమ్లి ఉండబట్టలేక అడిగింది.

"సారూ, గదులేమైనయి?"

"ఈడ రావమ్మా. రెండొందల గంపలన్న ఉండాలె. ఏ వారం చూసినా నూటపది దాటలే. సరుకు చాలదని రాసిచ్చిన. వేరే ఊరికి పోయింది."

"రెండొందల కంటె ఎక్కువే వస్తయి సారూ! సగం ఆ కొట్టంల ఉంటయి."

అతను కొట్టం వైపు తిరిగి చూశాడు.

"మరి నేనడిగినప్పుడు ఒకటే అంటివి గదమ్మా."

కోప్పడినా బాగుండేది. అలిసిపోయిన గొంతుతో మెల్లగా అని, బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బీరకాయలు అయినకాడికి ఇచ్చేసి అందరూ ఇంటిదారి పట్టారు. సారు లెక్క తప్పు రాశాడని, అందుకే మార్కెట్ పోయిందని దారి పొడుగునా ఆడవాళ్లు తిట్టిపోశారు. ఆ తిట్లు ఎవరికి తగలాలో సోమ్లికి తెలుసు. ఖాళీ గంపతో కూడా ఆమె అందరికంటే వెనకబడింది.

మరుసటి శుక్రవారం ఆమె జంపక్క కొట్టం వైపు వెళ్లలేదు. రెండు గంపలూ ముందర పెట్టుకుని కూర్చుంది. బొజ్జయ్య చూసి నవ్వాడు.

"ఏందే సోమ్లీ, ఇన్నేండ్ల సంది ఒకటే గద. ఇయ్యాల రెండు తెచ్చినవు?"

"ఇన్నేండ్ల సంది రెండే," అంది సోమ్లి. "రాస్కో."